దేవుని ఆజ్ఞలు, నిండైన బతుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలుకు దగ్గరలోని ఒక పల్లె సంఘంలో ఇరవై ఆరేళ్లుగా సండే స్కూలు చెబుతున్నాను. ఆరాధన ముగిశాక వేపచెట్టు కింద నిలబడి జనం అడిగే ప్రశ్నలు ఇవి. కందుకూరు, కావలి, కనిగిరి వైపు నుంచి వచ్చే బంధువులూ ఇవే అడుగుతారు, నెల్లూరులో చదువుకునే మా పిల్లలూ ఇవే అడుగుతారు. నోటితో చెప్పినవాటిని ఒకచోట రాసిపెట్టమని మా సంఘం యువకులు కోరితే కూర్చున్నాను. నేను బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. వాక్యం చదివి, దాని ప్రకారం నడవాలని ప్రయత్నించి, తప్పినచోట సిగ్గుపడి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

నిండైన జీవితం అంటే ఏమిటి? ఇల్లు, ఆరోగ్యం, పిల్లలకు ఉద్యోగాలు, ఇవేనా?

యోహాను సువార్త 10వ అధ్యాయం 10వ వచనంలో యేసు ప్రభువు, తన గొర్రెలకు జీవం సమృద్ధిగా కలగడానికి వచ్చానన్నాడు. సమృద్ధి అనగానే మనకు గాదె గుర్తుకొస్తుంది. ఆ మాట అన్న ఆయనకు మాత్రం తల వాల్చుకోవడానికి చోటు లేదు. సమృద్ధి అన్న మరుసటి వచనంలోనే మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడని చెప్పాడు. ఈ రెండు వచనాలను విడదీసి చదివితే దారి తప్పుతాం.

ఇల్లూ ఉద్యోగమూ చెడ్డవని నేను అనను. పిల్లవాడికి ఉద్యోగం వస్తే నేనూ సాక్ష్యం చెప్పి, మిఠాయి పంచాను. కానీ అన్నీ ఉండి, వీధి మలుపులో ఒక మనిషి కనబడగానే పక్క సందులోకి తిరిగిపోయేవాళ్లను చూశాను. నిండైన బతుకు ఉన్నవాడికి అలా తప్పించుకు తిరగవలసిన మనిషి ఊళ్లో ఉండడు. నాకు తెలిసినంతలో దాని మొదటి గుర్తు అదే.

విశ్వాసం ద్వారా కృపచేతనే రక్షణ అంటారు. మరి ఆజ్ఞలు పాటించడం ఎందుకు?

నిర్గమకాండం 20వ అధ్యాయం తెరవండి. పది ఆజ్ఞలలో మొదటిది మూడో వచనంలో ఉంది. దానికి ముందు రెండో వచనం ఉంది. ఐగుప్తు దేశం నుంచి, దాసుల గృహం నుంచి నిన్ను బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనే అంటాడాయన అక్కడ. విడుదల ముందు, ఆజ్ఞ తరువాత. ఫరో ఇటుకల బట్టీలో వెట్టి చేస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, ముందు ఈ పదీ పాటించండి, అప్పుడు విడిపిస్తాను అనలేదు. సముద్రం దాటించి, అడవిలో ఆకాశం నుంచి కురిసిన మన్నా తినిపించి, ఆ తరువాత సీనాయి కొండ దగ్గర కూర్చోబెట్టి, విడుదలైన మనుషులు ఎలా బతుకుతారో చెప్పాడు.

ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో 8, 9 వచనాలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. కృపచేతనే రక్షింపబడ్డారు, క్రియల వల్ల కాదు అని చదివి అక్కడ ఆగిపోతాం. పదో వచనం కూడా కలిపి చదవండి. మనం నడుచుకోవాలని దేవుడు ముందే సిద్ధపరచిన మంచి పనుల కోసం మనం సృష్టింపబడ్డామని ఉంటుంది. నేను సండే స్కూలులో పిల్లలకు ఈ మూడూ కలిపే నేర్పుతాను. ఎనిమిది, తొమ్మిది చెప్పి ఆగిన పిల్లవాడికి బహుమతి ఇవ్వను.

ఆజ్ఞలు భారమైనవి కావని యోహాను రాశాడు. నాకు భారంగానే ఉన్నాయి. నాలో లోపం ఉందా?

లోపం ఉందని అనుకోవద్దు. మత్తయి 11వ అధ్యాయం చివర్లో ప్రభువు తన కాడిని ఎత్తుకోమన్నాడు, అది సులువైనదన్నాడు. కాడి లేకుండా చేస్తానని మాత్రం అనలేదు. ఒంగోలు గిత్తల నేల మీద పుట్టిన మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

మా తాత ఒక ఆసామి దగ్గర పాలేరుగా ఉండేవాడు. పొద్దున్నే గిత్తల మెడ మీద కాడి పెట్టే ముందు, కింది వైపు అరచేత్తో నెమ్మదిగా తడిమేవాడు. ఎక్కడైనా చేతికి గరుకు తగిలితే గాజుపెంకుతో గీకి, ఆముదం రాసి, మళ్లీ తడిమేవాడు. గరుకు కాడి పెడితే రెండు రోజుల్లో మెడ పుండవుతుంది. సరిగ్గా చెక్కిన కాడి కింద అదే గిత్త పొద్దంతా దున్ని, సాయంత్రం మెడ విదిలించి గడ్డి మేస్తుంది. బరువు అదే, పొలమూ అదే. నజరేతులో వడ్లపని చేసిన ఆయన సులువైన కాడి అన్నప్పుడు నాకు తాత అరచెయ్యి కనిపిస్తుంది. ఒక ఆజ్ఞ మీ మెడను కోస్తున్నట్టుంటే, అది నిజంగా ఆయన ఎత్తిన కాడేనా, మనుషులు ఎత్తినదా అని ముందు చూడండి. మనుషులు పెట్టేవి చాలా ఉంటాయి. ఏ రంగు చీర కట్టాలి, బొట్టు తీసేసినవాళ్లకే సంఘంలో ముందు వరసా, ఇలాంటివి. ఆయన ఎత్తినదే అయితే ఓపిక పట్టండి. కొత్త గిత్తకు మొదటి సాలు వంకర పోతుంది, తరువాత తరువాత తిన్నగా వస్తుంది.

మన ప్రాంతంలో తొలి విశ్వాసులకు ఏ ఆజ్ఞలు నేర్పారు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఎందుకంటే జవాబు మన కాళ్ల కిందే ఉంది.

1836లో తెలుగువాళ్ల మధ్యకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ల తరబడి ఫలితం పెద్దగా కనిపించలేదు. అమెరికాలోని మిషను పెద్దలు పటంలో ఒంటరిగా మిగిలిన నెల్లూరు చుక్కను చూసి, దీన్ని మూసేద్దామా అని ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. ఒంటి నక్షత్రం అనే పేరు అలా వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుతుండగా అదే మిషనుకు చెందిన లైమన్ జ్యూవెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తాం. 1866లో అదే మిషను పంపిన జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చాడు. అప్పటికే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తోళ్ల వ్యాపారి, ప్రభువును నమ్మి తనవాళ్లకు చెబుతున్నాడు. 1867 మొదట్లో క్లౌ తాళ్లకొండపాడు వైపు వెళితే, పేరయ్య సిద్ధం చేసిన మనుషులు కాచుకుని ఉన్నారు. ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు.

ఆ పల్లెల్లో కొత్తగా నమ్మినవాళ్లకు నేర్పిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. అంతే. చదువు లేనివాడు కూడా మూడు వేళ్ల మీద లెక్కపెట్టుకోగలిగినవి.

ఇప్పుడు వింటే చిన్న విషయాల్లా ఉంటాయి. ఆనాడు ఒక్కో వేలు ముడిస్తే ఒక్కో గొలుసు తెగింది. ఆదివారం పని చేయనంటే, ఏడు రోజులూ నువ్వు నావాడివి అనే ఆసామితో, ఒక రోజు నేను నీవాణ్ణి కాను అని చెప్పడం. చచ్చిన గొడ్డును తిననంటే, వెట్టికి బదులుగా పడేసే కూడు నాకు వద్దనడం. జాతరలో డప్పు కొట్టననడమూ ఇందులోకే వచ్చింది. అందుకే పెత్తందారులకు అంత కోపం వచ్చింది. పని లేకుండా చేశారు, కొట్టారు, నీళ్లకు అడ్డుపడ్డారు. వీళ్లు తలవంచలేదు.

దేవునికి లోబడటం అంటే బానిసత్వమని ఎవరైనా వాదిస్తే, మా ముత్తాతల తరాన్ని చూడమని చెబుతాను. దేవునికి తల వంచారు గనుకనే మరొకడి ముందు తల ఎత్తగలిగారు. వాళ్లు ఆ రోజు ఆదివారం పనికి వెళ్లి ఉంటే, నేను పలక పట్టేవాణ్ణి కానేమో.

కరువులో అన్నం కోసం మతం మారారు అంటారు. దీనికి ఏం జవాబు చెప్పాలి?

జరిగినది జరిగినట్టు చెప్పండి, కోపం వద్దు.

1876 నుంచి 1878 వరకు ఈ ప్రాంతమంతా భయంకరమైన కరువు. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, క్లౌ సుమారు మూడున్నర మైళ్ల కాలువకు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పనిలో సేద తీరే వేళ వాక్యం చెప్పేవాళ్లు. బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. చేతిలో గింజలు ఉన్నంతకాలం బాప్తిస్మం ఇవ్వకూడదని ఏడాదికి పైగా ఆపేశాడు. వర్షాలు పడి, కరువు సాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలసినప్పుడు మారుతూ ఇచ్చారు.

గుండ్లకమ్మ గట్టు మీద నిలబడినప్పుడు నన్ను కదిలించేది ఆ రెండువేల సంఖ్య కాదు. దానికి ముందు నడిచిన ఖాళీ ఏడాది. అడిగినవాళ్లు వేలల్లో ఉండగా వద్దని ఆగడం ఏ సేవకుడికైనా కష్టం. ఆ విధేయత లెక్కల్లో ఎక్కడా కనబడదు.

మాకు ఆదివారం కూడా డ్యూటీ ఉంటుంది. పాపమా?

ఆసుపత్రిలో నర్సు, రాత్రంతా రొయ్యల చెరువు దగ్గర నీటికి గాలి పట్టించే ఏరేటర్లను కనిపెట్టుకునే కుర్రవాడు, బస్సు కండక్టరు, వీళ్లందరూ ఆదివారం ఆగిపోతే ఊరు ఆగిపోతుంది. విశ్రాంతిదినం మనిషి కోసమే గానీ మనిషి విశ్రాంతిదినం కోసం కాదని ప్రభువే చెప్పాడు. వారంలో మరో రోజు దేవుని కోసం, దేహం కోసం కేటాయించుకోండి. ఆ రోజును మాత్రం ఓవర్‌టైముకు అమ్ముకోవద్దు.

నన్ను బాధపెట్టేది వేరే సంగతి. ఆదివారం మగవాళ్లం తెల్లచొక్కా వేసుకుని విశ్రాంతి తీసుకుంటాం. ఆడవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంట చేసి, పిల్లలను తయారుచేసి, గుడికొచ్చి, మళ్లీ పరుగున వెళ్లి వచ్చిన చుట్టాలకు బిరియానీ వండుతారు. నాలుగో ఆజ్ఞ చదవండి. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు అని పేరుపేరునా చెబుతుంది. మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి వారంలో ఒక రోజు సెలవు ఇస్తున్నారా? జీతం కోయకుండా?

కూలి డబ్బుల గురించి బైబిలు ఇంత గట్టిగా చెబుతుందా?

చాలా గట్టిగా. కూలివాడి కూలి మరునాటి ఉదయం వరకు నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండం 19:13 చెబుతుంది. పొద్దు కుంకక ముందే ఇవ్వాలి, వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడని ద్వితీయోపదేశకాండం 24:15. బిగపట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4.

మా అమ్మ కూలికి వెళ్లేది. మిరపకోతలు అయ్యాక శనివారం సాయంత్రం ఆసామి అరుగు ముందు ఆడవాళ్లంతా వరసగా నిలబడేవాళ్లు. అరుగు ఎక్కకూడదు. ఆయన భోంచేసి, చుట్ట ముట్టించి, ఒక్కోసారి 'చిల్లర లేదు, బుధవారం రండి' అనేవాడు. అమ్మ ఏమీ అనేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకున్న పట్టు మాత్రం గట్టిగా ఉండేది. కారం అంటిన వేళ్లు. నా మణికట్టు మండేది.

ఇది చెప్పడం తేలిక. నేను ఇల్లు కట్టుకుంటున్నప్పుడు ఒక శనివారం బ్యాంకుకు సెలవు వచ్చింది, ఏటీఎంలో డబ్బు లేదు. మేస్త్రీ ఏమీ అనలేదు, 'సోమవారం చూద్దాం మాస్టారూ' అన్నాడు. నేనూ సరే అన్నాను. ఇసుక జల్లించే ఆమె మాత్రం గమేళా బోర్లించి, దాని మీద కూర్చుని, నా వైపు చూడకుండా కాళ్లకంటిన సిమెంటు గీక్కుంటోంది. వెళ్లమని ఎవరూ చెప్పకపోయినా, ఉండమని ఎవరూ చెప్పకపోయినా కూర్చునే ఉంది. ఆ కూర్చోవడం నాకు తెలుసు. పక్కింట్లో అప్పు అడిగి, చాలకపోతే మందుల దుకాణంలో అడిగి, ఎనిమిది గంటలకు నలుగురికీ ఇచ్చాను. అప్పటికి పొద్దు కుంకి చాలాసేపైంది. వాక్యం ప్రకారం ఆలస్యమే. ఆ తరువాత ప్రతి వారమూ శుక్రవారమే డబ్బు తీసి ఇంట్లో పెట్టేవాణ్ణి.

సంఘ పెద్దల్లోనే రొయ్యల చెరువులు, గ్రానైటు లారీలు ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఇదే చెబుతాను. కానుకల పెట్టెలో వేసే ముందు కూలీల పద్దు చూసుకోండి.

వ్యాపారంలో నిజాయితీగా ఉంటే నష్టపోతాం కదా?

కొన్నిసార్లు నష్టపోతారు. అబద్ధం చెప్పి ఊరడించను.

ఒక పొగాకు రైతు నన్ను అడిగాడు. వేలానికి పంపే బేలులో పైన మంచి ఆకు పేర్చి మధ్యలో నాసిరకం పెట్టడం, బరువు తూగడానికి తేమ ఎక్కువ ఉంచడం చుట్టుపక్కల కొందరు చేస్తారు, నేను చేయకపోతే నా కుటుంబానికే కదా నష్టం అని. నేను ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో వేరువేరు తూనికరాళ్ల గురించి ఉన్నది చదివి వినిపించాను. పెద్దదొకటి, చిన్నదొకటి సంచిలో ఉంచుకోవద్దంటుంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ సీజన్‌లో ఆయన బేళ్లు ఒక్కటీ కలగలుపు లేకుండా కట్టాడు. రేటు పెద్దగా ఏమీ పెరగలేదు. కానీ కొనేవాళ్లు బేలు విప్పి చెయ్యి లోపలికి పెట్టి చూస్తున్నప్పుడు తన గుండె దడదడలాడలేదని మాత్రం నాతో చెప్పాడు. అంతకు ముందు ప్రతి ఏడూ దడ ఉండేదని కూడా ఆయన చెప్పాకే నాకు తెలిసింది.

ఆజ్ఞలు పాటిస్తే పంట బాగా పండుతుందా? ద్వితీయోపదేశకాండం 28లో అలాగే ఉంది కదా.

ఇశ్రాయేలు జనాంగంతో చేసిన నిబంధనలో అలా ఉంది. దాన్ని తీసుకొచ్చి, ఈ కానుక వేస్తే నీ చెరువులో రొయ్య చావదని ఎవరైనా అంటే నమ్మవద్దు. తెల్లమచ్చ వ్యాధి వస్తే విశ్వాసి చెరువూ, పక్కవాడి చెరువూ తెల్లారేసరికి ఒకేలా తేలతాయి. దేవుడు నీతిమంతుల మీదా, అనీతిమంతుల మీదా ఒకే వాన కురిపిస్తాడని ప్రభువే చెప్పాడు. నీతిగా బతికి కూడా అన్నీ పోగొట్టుకున్న యోబు పుస్తకం మన బైబిల్లోనే ఉంది. అంజూరపు చెట్టు పూయకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా నేను ఆనందిస్తాను అన్న హబక్కూకు ప్రవక్త కూడా మన బైబిల్లోనే ఉన్నాడు.

అప్పు చేసి, ఆదాయంలో పదో వంతు కానుకగా ఇచ్చే దశమభాగం తెచ్చిన ఒక తల్లిని నేను వెనక్కి పంపాను. వడ్డీవాడికి కట్టి రమ్మన్నాను. పెద్దల్లో ఒకరిద్దరికి నా మీద కోపం వచ్చింది.

పొలం పంపకంలో మా అన్న మోసం చేశాడు. క్షమించమంటే ఎలా?

మత్తయి 5:23, 24 ప్రకారం బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి వెళ్లి ముందు సమాధానపడాలి. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు బల్ల ఆదివారం నాడు మా సంఘంలో ఈ వచనం చదువుతాం. చదివాక కాసేపు ఆగుతాం. ఆ ఆగినప్పుడు లేచి బయటికి వెళ్లినవాళ్లను రెండుసార్లు చూశాను. ఒకసారి ఫలించింది. ఒకసారి అవతలివాడు తలుపు తీయలేదు.

క్షమించడమంటే కాగితాలు వదులుకోవడమని కాదు. మీకు న్యాయంగా రావలసింది పెద్దమనుషుల ముందు అడగవచ్చు, కోర్టులో అడగవచ్చు. ఆయన చెడిపోవాలని కోరుకోవడం మానాలి. ఆయన కూతురి పెళ్లికి పిలిస్తే వెళ్లాలి. తలుపు తీయకపోయినా మీరు వెళ్లినది వృథా కాదు, మీ వంతు మీరు చేశారు.

క్రైస్తవులం కట్నం తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. 1961 నుంచి దేశ చట్టమే నిషేధించింది. పొరుగువాడి ఇల్లు, ఎద్దు, వాడిది ఏదీ ఆశించవద్దని పదో ఆజ్ఞ అంతకు ఎంతో ముందే చెప్పింది. 'మేం అడగలేదు, వాళ్లే ఇష్టంగా ఇచ్చారు' అనే మాట చాలా పెళ్లిళ్లలో విన్నాను. పిల్ల తండ్రి పొలం తాకట్టు పెట్టి ఇచ్చినదాన్ని ఇష్టం అనకండి.

సంఘంలో కూడా కులం ఉంది. ఏ ఆజ్ఞ దీన్ని ఖండిస్తుంది?

నీ పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞ చాలు. మన చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. మాదిగలను చేర్చుకుంటే మేం రాము అని ఒంగోలులో పై కులాలవాళ్లు క్లౌతో అన్నారు. ఏం చేయాలో తెలియక ఆయన, ఆయన భార్య వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం, 1 కొరింథీయులకు 1:26 నుంచి ఉన్నది, కనబడిందని ఆయన చెప్పుకున్నాడు. లోకంలో ఎన్నిక లేనివాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాటలవి. ఆయన మాదిగలతోనే నిలిచాడు.

మరి మనం? మాలలకొక సంఘం, మాదిగలకొక సంఘం, పై కులాల నుంచి వచ్చినవాళ్లకు వేరే వరస, శ్మశానం కూడా వేరు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు విశ్వాసం గురించి రెండో ప్రశ్న అడుగుతాం, మొదటి ప్రశ్న మీకు తెలుసు. ఈ ఒక్క విషయంలో మన ఒంగోలు, నెల్లూరు వైపు సంఘాలు పశ్చాత్తాపపడితే గుండ్లకమ్మలో మళ్లీ అలాంటి రోజు చూస్తామని నేను గట్టిగా నమ్ముతాను.

పాస్టరుగారు చెప్పిందల్లా దేవుని ఆజ్ఞేనా? భర్తకు లోబడమన్నారు కాబట్టి దెబ్బలు కూడా భరించాలా?

రెండింటికీ కాదు అనే జవాబు.

బెరయ అనే ఊరివాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో సరిచూసుకున్నారు. అపొస్తలుల కార్యాలు 17లో దాన్ని మెచ్చుకుంటూ రాశారు. పాస్టరుగారిని గౌరవించండి, ఆయన కుటుంబం ఆకలితో ఉంటే మనదే సిగ్గు. కానీ ఆయన మాటకూ వాక్యానికీ పొత్తు కుదరనప్పుడు వాక్యం వైపు నిలబడండి.

ఇక దెబ్బలు. భార్యను క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు ప్రేమించి, ఆమె కోసం తన్ను తాను అప్పగించుకోమని భర్తకు చెప్పిన అధ్యాయంలోనే లోబడమన్న మాట ఉంది. చెయ్యెత్తినవాడు ముందు ఆజ్ఞ మీరాడు. అమ్మా, మీరు ముందు సురక్షితమైన చోటికి, పుట్టింటికో, నమ్మకమైన వాళ్ల దగ్గరికో వెళ్లండి. పోలీసుల దగ్గరికి వెళ్లడం అవిధేయత కాదు. సర్దుకుపొమ్మని మిమ్మల్ని తిప్పి పంపిన పెద్దలు దేవునికి జవాబు చెప్పాలి. ఒకసారి నేనూ అలా తిప్పి పంపినవాళ్లలో ఉన్నాను. ఆ ఇంటి ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ ఆ తప్పు గుర్తుకొస్తుంది.

ఇంట్లో నేనొక్కదాన్నే విశ్వాసిని. పండగలప్పుడు ఏం చేయాలి?

తల్లిదండ్రులను సన్మానించమనే ఆజ్ఞ మీ ఇంట్లో మిగతావాళ్ల కంటే మీకే ఎక్కువ వర్తిస్తుంది. పండగకు ఇల్లు కడగండి, పిండివంటలకు పిండి రుబ్బండి, పెద్దలకు బట్టలు తెండి. పూజ చేయలేనని ఒక్కసారి మెత్తగా చెప్పండి, వాళ్ల దేవుళ్లను ఒక్క మాట కూడా అనవద్దు. అత్తగారికి జ్వరం వచ్చిన వారం మీరు చేసే సేవ, మీరు చెప్పగల ఏ వాక్యం కంటే ముందు వాళ్లకు చేరుతుంది.

తాగనని ఎన్నోసార్లు ఒట్టు పెట్టుకున్నాను. మళ్లీ పడిపోతున్నాను. నాకు ఇంకా అవకాశం ఉందా?

ఉంది. శిష్యుడైన పేతురు ప్రభువును ఎరుగనని మూడుసార్లు అన్నాడు. యోహాను 21లో ప్రభువు తీరాన నిప్పులు చేసి, చేపలు కాల్చి, ముందు భోజనం పెట్టి, ఆ తరువాతే ప్రశ్న అడిగాడు. మైపాడు, కొత్తపట్నం రేవుల్లో రాత్రంతా వేటాడి ఉత్త వలతో వచ్చినవాళ్లను చూసినవాళ్లకు ఆ పొద్దు ఎలాంటిదో తెలుస్తుంది. అడిగినది కూడా 'ఇక చేయనని ఒట్టు పెట్టు' అని కాదు, 'నన్ను ప్రేమిస్తున్నావా' అని.

ఒట్లు మానండి. మనిషి తోడు పెట్టుకోండి. సాయంత్రం ఆరింటికి మీ కాళ్లు ఏ దారి పడతాయో తెలిసిన ఒక సోదరుణ్ణి ఆ వేళకు మీ ఇంటికి రమ్మనండి. డాక్టరును కలవండి. చాలాకాలం తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ప్రమాదం రావచ్చు, మందులు అవసరం. మందు తీసుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు.

నాకు చదువు రాదు. బైబిలు చదవలేను. ఆజ్ఞలు ఎలా తెలుసుకోవాలి?

ఇప్పుడు ఫోనులో తెలుగు బైబిలు చదివి వినిపిస్తుంది, మనవళ్లను అడిగితే పెట్టిస్తారు. అయినా మా అమ్మ పద్ధతి చెబుతాను. ఆమెకూ చదువు రాదు. రాత్రి కిరసనాయిలు దీపం దగ్గర నేను కొండమీది ప్రసంగం చదివేవాణ్ణి. ఒక వచనం అయ్యాక చెయ్యెత్తి ఆపేది. మళ్లీ చదవమనేది. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ అనుకునేది. మరునాడు రాత్రి నేను ఉత్సాహంగా తరువాతి వచనం మొదలుపెడితే, "ఉండు నాయనా, నిన్నటిది ఇంకా చెయ్యలేదు" అనేది. ఒక వచనం దగ్గరే పది రోజులు ఉన్నాం. శత్రువులను ప్రేమించమన్న దాని దగ్గర ఎన్ని రోజులు ఉన్నామో నాకు గుర్తులేదు. ఆ ఏడాది వానాకాలమంతా అదే చదివాను. ఆ వానాకాలం చివర్లో ఒక సాయంత్రం అమ్మ చెంగులో నాలుగు ములక్కాయలు కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, జబ్బుతో మంచం పట్టిన ఆ ఆసామి ఇంటికి వెళ్లింది. అరుగు కింద నిలబడి ములక్కాయలు పైన పెట్టి వచ్చింది. ఆ రాత్రి దీపం దగ్గర కూర్చున్నాక, "ఇక తరువాతిది చదువు" అంది.